గంటకు 49 నిమిషాల చీకటి

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తగిలించుకుని గంటసేపు వెలుగుల లోకంలో విహరించి వచ్చామని మురిసిపోయేవారికి ఒక చిన్న లెక్క మనవి. తెర సెకనుకు 90 బొమ్మలు చూపిస్తుందనుకోండి. ఒక్కో బొమ్మకు దక్కేది సుమారు 11 మిల్లీసెకన్లు. అందులో తెర వెలిగేది రెండే అనుకుంటే, తక్కిన తొమ్మిదీ చీకటే. అంటే గంటలో 49 నిమిషాలు తమరు చీకట్లోనే ఉన్నారు. డబ్బిచ్చి మరీ.

దీన్ని కన్నుగప్పడం అనుకుంటే మన అజ్ఞానం. ఓక్యులస్ అనే హెడ్‌సెట్ కంపెనీ 2013లో ప్రోగ్రామర్ల కోసం తెచ్చిన తొలి డెవలపర్ కిట్‌లో తెర నిజాయితీగా వెలుగుతూనే ఉండేది. తల తిప్పితే చాలు, లోకమంతా అలుక్కుపోయేది. తల తిరుగుతున్నా మన చూపు వస్తువునే అంటిపెట్టుకుని ఉంటుంది కదా. ఆరని బొమ్మేమో తలతోపాటు జరిగి రెటీనా మీద చారికలు పూస్తుంది. మరుసటి ఏడాది రెండో కిట్‌లో దీపం వెలిగించిన మరుక్షణమే ఆర్పడం మొదలుపెట్టారు. చారికలు తగ్గాయి. తెరకు నిజాయితీ పనికిరాదని అలా తేలింది.

ఈ ఏర్పాటుకు ఓరచూపొక్కటే అడ్డం. సూటిచూపు ఇట్టే లొంగుతుంది గానీ, కంటి అంచు మినుకుమినుకును చప్పున పసిగడుతుంది. తెర ఎంత వెడల్పైతే ఆ అంచుకు అంత మేత. కనుక ఓరచూపును నిషేధించాలని నా సూచన.

ఇక మూర్ఛ సంగతి. కాంతికి తట్టుకోలేనివారికి ఎక్కువ ప్రమాదం సెకనుకు 3 నుంచి 30 మెరుపుల మధ్య. 90 దానికి బహుదూరం, తెర నిర్దోషి. ఆటలో పేలే బాంబులకు మాత్రం ఆ హామీ లేదు. 1997 డిసెంబరులో జపాన్‌లో ఓ టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం సెకనుకు సుమారు 12 సార్లు మెరిస్తే ఆరువందలకు పైగా జనం, ఎక్కువగా పిల్లలే, ఆసుపత్రి పాలయ్యారు. అప్పట్లో కనీసం మొహం తిప్పుకునే వీలుండేది. ఇప్పుడు ఎటు తిప్పినా తెర మొహంతోపాటే వస్తుంది. మూర్ఛ లక్షణాలు కనబడితే వాడకం ఆపమనే హెచ్చరిక ఉంది లెండి. స్పృహ తప్పినవారు దాన్ని తప్పక పాటించాలి.

కళ్లలసటకు మినుకొక్కటే కారణం కాదు. కొండైనా పురుగైనా కటకాలు దాన్ని ఒకే దూరంలో నిలబెడతాయి. దగ్గరి పురుగు కోసం కనుగుడ్లు ముక్కువైపు తిరుగుతాయి, ఫోకస్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. అందుకే మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వమంటారు. గంటకు 49 నిమిషాల విశ్రాంతి ఎలాగూ ఇస్తున్నారు, తొమ్మిదేసి మిల్లీసెకన్ల చొప్పున. ఇంకా కావాలంటే అది కళ్ల దురాశే.