సారుకు ఫస్టు ర్యాంకు

హనుమకొండలో మా వీధి చివరి ఫ్యామిలీ డాక్టరుగారికి తాత బీపీ, కొడుకు షుగరు, మనవడి దగ్గు అన్నీ కంఠతా వచ్చు. తెలియనిదల్లా ఈ జనం తన గురించి ఏమనుకుంటున్నారో! ఆ లోటు తీరుద్దామని ఆయన మేనకోడలు, కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్న అమ్మాయి, సెలవులకు వచ్చి క్లినిక్‌లో ఒక ప్రశ్నాపత్రం పెట్టింది.

ఇంగ్లండులో 2007 నుంచీ ఇలా జనాన్ని అడుగుతున్నారట. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2016లో ‘మేరా అస్పతాల్’ అని పెట్టి, ఆసుపత్రికి పోయి వచ్చినవాళ్లకు మెసేజీలు పంపింది, ఫోన్లు చేయించింది. ‘‘సంతోషమేనా అని అడిగితే మొహమాటానికి అందరూ మంచిగనే ఉందంటారు మామయ్యా. ఏం జరిగిందో అడగాలి. ఎంతసేపు కూర్చున్నారు, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పారా, ఇట్లాంటివి’’ అంది ఆ అమ్మాయి. తెలివైన మాటే. ప్రశ్నలకూ వంక పెట్టేందుకు లేదు. చిక్కంతా జవాబులతోనే వచ్చింది.

‘మీ వంతు కోసం ఎంతసేపు ఎదురుచూశారు?’ అన్నదానికి పరకాల వైపు రైతు ఒకాయన, ‘‘నేనెక్కడ జూసిన? పొద్దుగాల్నే చెప్పులు లైన్ల పెట్టి ఏనుమాముల మార్కెట్‌కు పోయిన. మిర్చి బస్తాలు దించి, చాయ్ తాగి ఇప్పుడే వచ్చిన’’ అన్నాడు. కాగితం మీద సున్నా నిమిషాలు పడ్డాయి. ఈ లెక్కన మా క్లినిక్ ఇంగ్లండును ఎప్పుడో దాటేసింది. చెప్పులను అడిగితే వేరే చెప్పేవేమో.

‘చికిత్స నిర్ణయంలో మీ అభిప్రాయం తీసుకున్నారా?’ దీనికి రిటైరైన సారొకరు కళ్లద్దాలు సవరించుకుని, ‘‘నిర్ణయం గూడ నేనే చేస్తే ఫీజు ఎందుకియ్యాలె బిడ్డా?’’ అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ గడి ఖాళీగానే ఉంది.

‘మీ చుట్టాలకు, దోస్తులకు ఈ డాక్టరు దగ్గరికి పొమ్మని చెప్తారా?’ ‘‘నేను చెప్ప. ఇప్పటికే లైను గేటు దాటింది. వాళ్లు గిట్ల వస్తే నా నంబరెప్పుడొస్తది?’’ డాక్టరుకు ఇంతకన్నా పెద్ద మెప్పు ఏముంటుంది? కాగితం మీద మాత్రం ‘చెప్పరు’ అని టిక్కు పడింది.

అసలు కొంప ముంచింది మార్కులు. ఒకటి నుంచి అయిదు దాకా గడులు. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ పండితుడు ఇలాంటి మెట్ల కొలత తెచ్చాడు. పాపం ఆయన మన చౌరస్తాలో నిలబడి ఇంటర్ కాలేజీల హోర్డింగులు చూసి ఉండడు. ఒకటి, ఒకటి, ఒకటి అని అరిచే ఆ ఫ్లెక్సీల కింద పెరిగిన ఊరికి ఒకటంటే ‘అస్సలు బాగాలేదు’ అంటే ఎవరు నమ్ముతారు? పైన సన్న అక్షరాల్లో రాసే ఉంది. చదవాల్సిన అద్దాలు ఇంట్లో ఉన్నాయి.

డాక్టరంటే ప్రాణం పెట్టేవాళ్లంతా వరసగా ఒకటి మీద టిక్కు కొట్టారు. జలుబుకు సూది వేయనన్నారని పోయిన వారం అలిగి వెళ్లిన షాపాయన ఒక్కడు మాత్రం అన్నిటికీ అయిదు పెట్టి, ‘‘అయిదో ర్యాంకు గూడ ఎక్కువే’’ అని గొణుక్కుంటూ పోయాడు.

సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి మొహం చిన్నబోయింది. ‘‘మామయ్యా, సగటు రెండు కూడా దాటలేదు.’’ డాక్టరుగారు ఏమీ అనలేదు. బీపీ పట్టీ తీసి తన చేతికే చుట్టుకున్నారు. కాంపౌండర్ గాలి కొడుతూ ధైర్యం చెప్పాడు: ‘‘టెన్షన్ ఎందుకు సార్? రెండు దాటలేదంటే ఒకటికి దగ్గర్నే ఉన్నరు గద!’’

అప్పుడు గానీ అమ్మాయికి వెలగలేదు. మర్నాడు అంకెలు తీసేసి బొమ్మలు పెట్టింది. నవ్వే మొహం, మామూలు మొహం, ఏడ్చే మొహం. ఇక పొరపాటుకు తావే లేదనుకుంది. మొదటి కాగితం మట్టెవాడ నుంచి వచ్చిన ఒక అవ్వ చేతిలో పడింది. అవ్వ మూడు బొమ్మలూ పరకాయించి చూసి, ఏడ్చేదాని మీద గట్టిగా వేలిముద్ర వేసింది.

‘‘ఏమైంది అవ్వా, సారు మంచిగ చూడలేదా?’’

‘‘సారు మంచిగనే జూసిండు బిడ్డా. మోకాలు ఎట్లున్నదని అడుగుతున్నవు గద?’’