ఇసుక డబ్బాకు నెల రోజుల సీలు దాపరికం కాదు

కళింగపట్నం తీరపు నల్ల ఇసుకపై చేతి మీటరు ఆనించగానే యురేనియం ఎంతుందో తేలిపోయిందనీ, నమూనాను నెల రోజులు సీలు వేసి ఉంచే ప్రయోగశాలలు నిజాన్ని దాస్తున్నాయనీ, గుప్పెడు ఇసుకే తీరమంతటికీ సాక్ష్యమనీ చెప్పే సందేశం శ్రీకాకుళం జిల్లాలో చేతులు మారుతోంది. ఇందులో ఏ మాటా నిలవదు.

మీటరు మోగి ఉండవచ్చు. భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం తీరాల ఇసుకలో మోనజైట్ అనే బరువైన ఖనిజం ఉంది. అందులో ప్రధానమైన రేడియోధార్మిక మూలకం థోరియం. గైగర్ మీటరు తనను తాకిన కిరణాలను లెక్కిస్తుందే తప్ప, అవి థోరియం శ్రేణివా (థోరియం, అది క్షయమవుతూ వరుసగా పుట్టించే మూలకాలవా), యురేనియం శ్రేణివా, సహజంగానే ఉండే రేడియోధార్మిక పొటాషియం-40వా అన్నది చెప్పలేదు. ఆ తేడా తెలియాలంటే ఒక్కో కిరణం శక్తిని కొలవాలి. అందుకే ద్రవ నత్రజనితో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టరును మందపాటి సీసపు గోడల మధ్య ఉంచి వాడతారు.

నన్ను ఎక్కువగా బాధించేది రెండో ఆరోపణ, ఎందుకంటే అది జాగ్రత్తనే నేరంగా చూపుతోంది. యురేనియం-238 శ్రేణిలోని రేడియం-226 క్షయమై రేడాన్ వాయువుగా మారుతుంది. రేడియం లెక్క కోసం సాధారణంగా చదివేది రేడాన్ తరువాత పుట్టే సీసం-214 వెలువరించే 352, బిస్మత్-214 వెలువరించే 609 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణం శక్తికి కొలమానం) కిరణాలను. నమూనాను ఎండబెట్టి, జల్లించి, డబ్బాలో నింపేలోగా కొంత రేడాన్ తప్పించుకుపోతుంది కనుక వెంటనే కొలిస్తే రేడియం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. రేడాన్ అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం క్షయమయ్యే కాలం, 3.8 రోజులు; గాలి చొరబడని డబ్బాలో సుమారు 27 రోజులు గడిస్తే అది 99 శాతానికి పైగా సమతుల్యతకు, అంటే పుట్టేదీ క్షయమయ్యేదీ సమానమయ్యే స్థితికి, చేరుతుంది. నిజాన్ని దాచదలచినవారికి పనికొచ్చేది తొందరే. రేడియంను దాని సొంత 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణంతోనే కొలవవచ్చు కదా అంటే, దాదాపు అక్కడే యురేనియం-235 కిరణం కూడా వచ్చి కలుస్తుంది, ఏది ఎంతో విడిగా తేలదు.

ప్రయోగశాలను నిలదీయవలసిన ప్రశ్న వేరే ఉంది. ఇల్మెనైట్ (ఇనుము, టైటానియం ఉన్న నల్లని ఖనిజం), మోనజైట్ నిండిన ఇసుక నాగావళి ముఖద్వారపు ఒండ్రుకన్నా ఎంతో బరువు. సీసం-210 వెలువరించే 46.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వంటి తక్కువ శక్తి కిరణాలను అది చాలావరకు తనలోనే పీల్చేసుకుంటుంది. రెండింటికీ ఒండ్రుకు సరిపోయే ఒకే కాలిబ్రేషన్ (తెలిసిన నమూనాతో పరికరాన్ని సరిచూసుకున్న లెక్క) వాడితే నల్ల ఇసుక అంకె తగ్గిపోతుంది. అదే డబ్బాలో, అదే ఎత్తుకు నింపిన ప్రామాణిక నమూనాతో పోల్చారా, సాంద్రతకు తగిన సవరణ చేశారా అని అడగాలి.

ఇక గుప్పెడు సంగతి. అలలు బరువైన ఖనిజాలను చారలుగా పేరుస్తాయి కనుక నల్ల చారలో వచ్చిన అంకె పక్కనున్న తెల్ల ఇసుకకు వర్తించదు. నమూనా తీసిన చోటు, లోతు, ఎండిన తరువాతి బరువు, కొలతలోని అనిశ్చితి లేని అంకెను ఏ పక్షమూ రుజువుగా చూపకూడదు.