ఐదేళ్లకే మెదడుకు తాళం పడిపోతుందా?

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మొదలయ్యే మెసేజ్ ఒకటి గ్రూపుల్లో తిరుగుతోంది. నాకే మూడుసార్లు వచ్చింది. అందులో చెప్పేది ఇది: ఐదేళ్లకల్లా పిల్లల మెదడు 90 శాతం తయారైపోతుంది. ఆలోపు నరాల కనెక్షన్లు ఎన్ని ఎక్కువైతే అంత తెలివి. ఆ తర్వాత తలుపు మూసుకుపోతుంది. పిల్లల మనసును చదివిన పియాజే, ఎరిక్సన్, బౌల్బీ లాంటి పెద్ద శాస్త్రవేత్తలు అందరూ చెప్పింది ఇదే. కాబట్టి రెండేళ్లకే అక్షరాలు దిద్దించండి, మోజార్ట్ సంగీతం వినిపించండి. ఐదు దాటిందంటే బండి వెళ్లిపోయినట్టే!

సామెత మీద నాకు కోపం లేదు. దానికి సైన్సు చొక్కా తొడిగి తల్లిదండ్రుల్ని హడలగొట్టడం మీదే నా అభ్యంతరం.

ముందు ఆ 90 శాతం సంగతి. అంకె దాదాపు నిజమే, కాకపోతే అది పరిమాణం లెక్క. పుట్టినప్పుడు పెద్దల మెదడులో సుమారు నాలుగో వంతుండేది, ఐదారేళ్లకు 90 శాతం సైజుకు చేరుతుంది. గోడలు లేచి స్లాబు పడగానే ఇల్లు 90 శాతం పూర్తయిందని ఎవరైనా అంటే, ఇల్లు కట్టించిన అనుభవం ఉన్నవాళ్లు నవ్వుతారు. అసలు పనంతా ఆ తర్వాతే కదా. ముందు వెనకలు ఆలోచించడం, ఆవేశాన్ని ఆపుకోవడం లాంటివి చూసుకునే మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా మారుతూనే ఉంటుంది.

కనెక్షన్లు ఎంత ఎక్కువైతే అంత తెలివన్నది ఇంకా వింత. పీటర్ హట్టెన్‌లాకర్ అనే నాడీ వైద్యుడు 1979లో మెదడు ముందుభాగంలోని సినాప్సుల్ని, అంటే నాడీకణాల మధ్య సంధుల్ని, లెక్కపెట్టాడు. ఒకటి రెండేళ్ల పిల్లల్లో వాటి సాంద్రత పెద్దవాళ్లకంటే దాదాపు సగం ఎక్కువ. ఈ మెసేజ్ లెక్కన ఏడాది బిడ్డ మనందరికంటే మేధావి కావాలి! మెదడు ముందు దండిగా సంధులు వేసుకుని, వాడకంలో లేనివాటిని ఏళ్ల తరబడి కత్తిరించుకుంటూ పోతుంది. ఎదుగుదల అంటే ఆ కత్తిరింపు కూడా.

ఇక తలుపు మూసుకుపోవడం. దీని మూలం హ్యూబెల్, వీజెల్ అనే మెదడు శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల మీద చేసిన ప్రయోగాలు. పుట్టిన తొలి నెలల్లో ఒక కన్ను కుట్టేస్తే, తర్వాత విప్పినా మెదడు ఆ కంటిని సరిగ్గా పట్టించుకోలేదు. ఎదిగిన పిల్లికి అదే చేస్తే ఆ నష్టం కనబడలేదు. గొప్ప పని, 1981లో నోబెల్ కూడా వచ్చింది. కానీ గమనించండి: అక్కడ జరిగింది ఏ బిడ్డకైనా మామూలుగా దొరికే వెలుతురును పూర్తిగా లాగేసుకోవడం. ఫ్లాష్ కార్డులు చూపించకపోవడం దానికి సమానం కాదు. మెదడు పరిశోధకుడు విలియం గ్రీనఫ్, సహచరులు 1987లో ఈ తేడాకు స్పష్టమైన రూపమిచ్చారు. వెలుతురు, ఆకారాలు లాంటివి ప్రతి బిడ్డకూ అందుతాయని మెదడు ముందే లెక్కవేసుకుని ఎదురుచూసే అనుభవాలు, వాటికి గడువుంటుంది. చదరంగం, లెక్కలు, వయొలిన్ లాంటివి మనిషి మనిషికీ మారే అనుభవాలు. వాటికోసం మెదడు జీవితమంతా సంధులు కలుపుకుంటూనే ఉంటుంది. కొత్త భాషలో యాస పట్టుబడటం వయసుతో కష్టమవుతుంది, నిజమే. కొత్త మాటలు నేర్చుకోవడానికి మాత్రం ఆఖరి తేదీ లేదు.

‘అందరూ చెప్పింది ఇదే’ అన్నచోట నాకు నిజంగా ఒళ్లు మండింది. పిల్లల ఆలోచన ఎదగడానికి పియాజే చెప్పిన దశలు నాలుగు. మూడోది ఏడేళ్ల ప్రాంతంలో, నాలుగోది పదకొండు పన్నెండేళ్లకు మొదలవుతుంది. ఐదేళ్లకే అంతా అయిపోతే ఆ రెండూ ఎవరికోసం? పైగా ఈ దశల్ని తొందరగా దాటించడమెలా అని అడిగితే ఆయన దాన్ని ‘అమెరికన్ ప్రశ్న’ అని ఎద్దేవా చేసేవాడు. రెండేళ్ల పిల్లాడి చేతికి పలక ఇచ్చి ఆయన పేరు చెప్పడం ఆయన్ని వెక్కిరించడమే. మనిషి వ్యక్తిత్వం ఎదగడానికి ఎరిక్సన్ 1950లో చెప్పిన దశలు ఎనిమిది. ‘నేనెవరు’ అన్న పెనుగులాటను ఆయన కౌమారంలో పెట్టాడు, ఆఖరి దశను వృద్ధాప్యంలో.

బౌల్బీ దగ్గర మాత్రం మెసేజ్‌కు కొంత ఆధారముంది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో, తొలి ఏళ్లలో తల్లి ప్రేమ అందని పిల్లల విషయంలో ఆయన చాలా గట్టి మాటలే అన్నాడు. అయితే నాలుగేళ్ల లోపు క్షయ శానటోరియంలో, అంటే క్షయ రోగుల ఆసుపత్రిలో, గడిపిన 60 మంది పిల్లల్ని తర్వాత పరిశీలించి, అలాంటి బాల్యం గడిపినవాళ్లు సాధారణంగా ప్రేమ తెలియని మనుషులుగా తయారవుతారన్న మాట సరికాదని, 1956లో సహచరులతో కలిసి తానే రాశాడు. ఫార్వర్డ్ చేసేవాళ్లు 1951 దగ్గరే ఆగిపోయారు.

మోజార్ట్ గురించి రెండు ముక్కలు చాలు. మోజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్న మాటకు మూలమైన 1993 నాటి ప్రయోగం 36 మంది కాలేజీ విద్యార్థుల మీద జరిగింది, పసిపిల్లల మీద కాదు. ఒక రకం పరీక్షలో కనబడిన ఆ లాభం కూడా పావుగంటకు మించి నిలవలేదు. సంగీతం బాగుంటే వినండి.

చివరిది, ఐదు దాటితే బండి వెళ్లిపోయిందన్న బెదిరింపు. దీనికి అన్నిటికంటే కఠినమైన పరీక్ష రుమేనియా అనాథాశ్రమాల్లో జరిగింది. 2000లో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనంలో 136 మంది పసివాళ్లలో సగం మందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు పంపారు. వెళ్లినవాళ్లు మెరుగుపడ్డారు, రెండేళ్లలోపు వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువగా. కాబట్టి ఆలస్యానికి మూల్యముంది, అది దాచను. అదే దేశం నుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్లిన పిల్లల్ని మనోవైద్యుడు మైకేల్ రట్టర్ బృందం పెద్దయ్యేదాకా వెంబడించింది. ఆరు నెలలకు మించి ఆశ్రమంలో ఉన్నవాళ్లలో చాలామందికి ఏకాగ్రత, స్నేహాల విషయంలో ఇబ్బందులు వదల్లేదు. కానీ ఆరేళ్లప్పుడూ పదకొండేళ్లప్పుడూ బుద్ధి వికాసంలో కనబడిన వెనుకబాటు యవ్వనానికి వచ్చేసరికి మామూలు స్థాయికి తగ్గింది. ఆకలి, ఒంటరితనం మధ్య బాల్యం గడిపినవాళ్ల సంగతే ఇదైతే, అన్నం, ముద్దుమురిపెం అందుతూ ఆరో ఏట మొదటిసారి ‘అ’ దిద్దిన పిల్లవాడికి ఏ బండి తప్పిపోయిందో ఆ మెసేజ్ రాసినవాళ్లే చెప్పాలి.