దయచేసి చెయ్యి వెయ్యకండి

మనిషికున్న దురలవాట్లలో పొగాకు గురించి మాట్లాడేవాళ్ళున్నారు, ఫోను గురించి మాట్లాడేవాళ్ళున్నారు. పక్కింటాయన్ని పిలిచి "కాస్త ఓ చెయ్యి వేస్తారా" అని అడిగే అలవాటు గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. బండికుండే గట్టి పైకప్పును, అదే హార్డ్‌టాప్‌ను, విప్పే విషయంలో ఈ జాడ్యం ఎంత ముదిరిందంటే, జీప్ రాంగ్లర్‌తో పాటు ఇచ్చే పుస్తకంలోనే అచ్చేసి మరీ పెట్టారు. టాపు తియ్యాలంటే నాలుగు మూలలా నలుగురు పెద్దవాళ్ళు నిలబడాలట. నలుగురు! నలుగురు కలిసి మొయ్యాల్సిన సందర్భం మనిషికి ఒక్కటే రాసిపెట్టి ఉంది. దానికి నాకేమీ తొందర లేదు.

పైగా ఆ నలుగురూ ఎక్కణ్ణుంచి రావాలో పుస్తకంలో లేదు. నలుగురు పెద్దమనుషుల్ని ఒకే రోజు, ఒకే వేళకు, ఒకే అభిప్రాయంతో ఒక బండి చుట్టూ నిలబెట్టడం అంత తేలికైతే ప్రభుత్వాలు ఎందుకు పడిపోతాయి? అందువల్ల హార్డ్‌టాపును ఎవరి సాయమూ లేకుండా విప్పుకునే హక్కును పౌరుడి మౌలిక హక్కుగా గుర్తించాలని ఈ వ్యాసం ద్వారా డిమాండ్ చేస్తున్నాను. అడ్డం వచ్చేవాళ్ళు ముందు నా వాదన వినాలి. వినేటప్పుడు దేన్నీ పట్టుకోనక్కర్లేదు.

ప్రతిపక్షం మొదట లేవదీసేది బరువు సంగతి. నిజమే, 2007 మోడల్ నుంచి రాంగ్లర్ టాపును మూడు ముక్కలు చేశారు. డ్రైవరు నెత్తి మీదా, పక్క సీటు నెత్తి మీదా ఉండే రెండు పలకలూ లోపలి గొళ్ళేలు తిప్పితే చేతికొస్తాయి. చంటిపిల్లాడైనా తీసేస్తాడని చెప్పను గానీ, చంటిపిల్లాడి నాన్న తీసేస్తాడు. మిగిలిన వెనక ముక్క దగ్గరే పేచీ. నాలుగు తలుపుల బండిదైతే అది ఇంచుమించు ఒక మనిషి బరువుంటుంది. మనిషి బరువే కదా, మనిషిని మనిషి మొయ్యలేడా అంటారేమో. మొయ్యగలడు. మనిషికి చంకలుంటాయి కాబట్టి. టాపుకు ఉండవు.

అసలు గుట్టు ఇక్కడుంది. బరువు వట్టి సాకు. మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్నకారు ఉంది. 1989లో వచ్చిన మొదటి తరం బండికి కంపెనీ అమ్మిన హార్డ్‌టాప్ 20 కిలోల పైచిలుకు, అంతే. ప్రయాణాల్లో అంతకంటే బరువైన సూట్‌కేసులు ఒంటిచేత్తో ఈడ్చినవాళ్ళే, ఆ టాపు ముందు నిలబడేసరికి వీధిలోకి తొంగిచూస్తారు, ఎవరైనా వస్తున్నారేమోనని. ఎందుకంటే అది మన చేతుల బారకు ఒక పిసరు ఎక్కువ. కుడి అంచు పట్టుకుంటే ఎడమ అంచు అందదు, ఎడమది అందుకుంటే కుడిది జారుతుంది. దానికి తోడు వెనకద్దం ఉన్న వైపే బరువంతా. మధ్యకు పట్టుకున్నాననుకుని ఎత్తితే వెనక కొస చతికిలబడి, ముందు కొస పైకి లేచి మన గడ్డానికి మర్యాద చేస్తుంది. బండి పైకప్పును సరిగ్గా ఒక మనిషి చేతులకు అందనంత వెడల్పు చెయ్యడం యాదృచ్ఛికమని నేను నమ్మను. ఇరుగుపొరుగు మధ్య సఖ్యత పెంచడానికి ఎవరో పన్నిన కుట్ర అది.

సరే, సాయం పిలిచామే అనుకుందాం. వచ్చినాయన ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు. "దీన్నెందుకు విప్పడం, బాగానే ఉందిగా" అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే లేదు, ఆయనకేం చెప్పను? తర్వాత ఇద్దరం చెరో పక్కా పట్టుకుని ఎత్తుతాం. టాపు లేస్తుంది. ఆ క్షణంలో ఆయన అడుగుతాడు, "ఎక్కడ పెడదామండీ?" అని. అప్పటిదాకా నేను ఆలోచించనిది అదొక్కటే. గోడకు ఆనిద్దామా అంటే గోడ గరుకు, నేల మీద పెడదామా అంటే అంచు రబ్బరు నలుగుతుంది, పరుపు తెచ్చి వేద్దామా అంటే పరుపు లోపలుంది, చేతులు ఇక్కడున్నాయి. ఇద్దరు సంసారులు నడివాకిట్లో ఒక కప్పును పైకెత్తి పట్టుకుని పరుపు గురించి చర్చించుకోవడం చూడదగ్గ దృశ్యమే. చివరికి ఆయన ఉంగరం రంగు మీద ఒక గీత గీస్తుంది. "తుడిస్తే పోతుందిలెండి" అంటాడు. పోదు. పోయేది ఆయనే. వారం తిరక్కుండా మళ్ళీ వస్తాడు, బీరువా మూడో అంతస్తుకు ఎక్కించాలని. మూడు నిమిషాల సాయానికి మూడు అంతస్తుల వడ్డీ. ఇంత వడ్డీకిచ్చేవాణ్ణి వేరే చోటైతే పోలీసులకు పట్టిస్తాం.

అందుకే స్వావలంబన. అందులోనూ శాఖాభేదాలున్నాయి.

ప్రాచీనమైనది వీపు సంప్రదాయం. బోల్టులన్నీ తీసేసి, బండి లోపలికెక్కి, వెనక సీట్ల మధ్య గొంతుక్కూర్చుని, వీపు కప్పుకు ఆనించి మెల్లగా లేవాలి. టాపు లేస్తుంది, అందులో సందేహం లేదు. చిక్కల్లా ఏమిటంటే, టాపు ఇప్పుడు మీ మీదుంది, మీరు బండిలో ఉన్నారు, బండి నేల మీదుంది. తాబేలుకు తన చిప్ప ఎక్కడ దింపాలో అనే చింత లేదు, పుట్టినప్పటి నుంచీ తొడుక్కునే తిరుగుతుంది కాబట్టి. మనకా వెసులుబాటు లేదు. ఈ సంప్రదాయంలో టాపు ఎత్తినవాళ్ళ గురించి చాలానే విన్నాను, దించినవాళ్ళ గురించి తక్కువ విన్నాను.

ఇంజిన్లు దించే చక్రాల క్రేనును తెచ్చి, దాని చేతిని వెనక నుంచి లోపలికి దూర్చి ఎత్తే వర్గం ఇంకొకటుంది. వాళ్ళతో నాకు సిద్ధాంతపరంగా పేచీ లేదు. వాళ్ళకు షెడ్డు పెద్దది, అంతే.

నాది గిలకల మార్గం. షెడ్డు కప్పుకు గిలకలు బిగించి, గోడకు వించ్, అంటే పిడి పట్టి చేత్తో తిప్పితే తాడు చుట్టుకునే యంత్రం, పెట్టి, నాలుగు పట్టీలు నాలుగు మూలలకూ తొడిగి పైకి లాగడం. తాడు నాలుగు పేటలుగా తిరిగితే 60 కిలోల బరువు చేతికి 15 కిలోలుగా అందుతుంది, రాపిడికి పోయేది పోగా. బదులుగా మీటరు ఎత్తుకు నాలుగు మీటర్ల తాడు లాగాలి. తాడు లాగడానికి నాకేం అభ్యంతరం? తాడు "ఎందుకు విప్పుతున్నారు" అని అడగదు. ఈ మార్గానికి మూలపురుషుడు ఆర్కిమెడీస్. నిండా సరుకుతో ఉన్న ఓడను గిలకల సాయంతో ఒక్కడే కూర్చుని లాగాడని చెబుతారు. అయితే ఆ కథలో పక్కన నిలబడి చూడటానికి హియెరో అనే రాజుగారున్నారు. ఓడలోకి సరుకు ఎక్కించినవాళ్ళు ఎవరో, ఎంతమందో ఎవరూ రాయలేదు. మహానుభావుల ఒంటరి విజయాలను కాస్త దగ్గరగా చూస్తే వెనక ఎప్పుడూ పదిమంది చెమట తుడుచుకుంటూ కనిపిస్తారు.

గిలకలు బిగించడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం బిగించాక తెలిసింది, షెడ్డు షట్టరు పైకి లేచి పడుకునే చోటూ, టాపు వేలాడే చోటూ ఒకటేనని. ఉట్టికెక్కలేనమ్మ సంగతి అందరికీ తెలుసు. ఉట్టి మీద ఏం పెట్టినా తలుపు తెరుచుకోని ఇంటి సంగతి నేను తెలుసుకున్నాను. మిగతా మూడు ఆదివారాలూ గిలకలు జరపడానికే సరిపోయాయి. మొత్తం కలిపితే, పక్కింటాయన చేత ఓ చెయ్యి వేయించుకుని టాపు ఓ వంద సార్లు విప్పి బిగించుకునేంత సమయం. అయినా లెక్కలు చూసుకుని ఎవరూ సిద్ధాంతాలు పెట్టుకోరు.

ఇక ఆ రోజు. ముందు పలకలు తీశాను. వెనక మూల వైపరు వైరు ప్లగ్గు లాగాను, అద్దం మీద నీళ్ళు చిమ్మే సన్నగొట్టం ఊడదీశాను. అది నా మోచేతి మీద చివరి గుక్క వదిలింది. నక్షత్రం గుంట ఉండే టార్క్స్ బోల్టులు ఒక్కొక్కటీ విప్పి చిన్న డబ్బాలో వేశాను. లెక్కపెట్టుకున్నాను కూడా. అయితే నేను లెక్కపెట్టింది డబ్బాలో ఉన్నవాటిని, బండిలో మిగిలినవాటిని కాదు.

వించ్ పిడి తిప్పాను. పట్టీలు బిగిశాయి. అంచు రబ్బరు బండిని వదలడానికి కాస్త మొరాయిస్తుందని ముందే తెలుసు, నెలల తరబడి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి కదా, ఆమాత్రం మమకారం ఉంటుందిలే అనుకున్నాను. ఇంకో చుట్టు తిప్పాను. చిర్రుమంది. ఇంకో చుట్టు. టాపు లేచింది. ఒక అంగుళం, రెండంగుళాలు. ఎవరి సాయమూ లేకుండా! గర్వంతో కిందికి చూద్దును కదా, వెనక చక్రాల పైన మడ్‌గార్డు కూడా రెండంగుళాలు లేచి ఉంది. టైరుకూ దానికీ మధ్య ఎన్నడూ లేనంత ఖాళీ. స్ప్రింగులు ఒళ్ళు విరుచుకుంటున్నట్టు మెల్లగా సాగుతున్నాయి. ఒక మూల మరిచిపోయిన ఒకే ఒక్క బోల్టు, జీపు మొత్తాన్నీ టాపుతో పాటు స్వర్గానికి తీసుకుపోయే బాధ్యతను భుజాన వేసుకుంది. నా జీవితంలో ఇంత గట్టిగా నిలబడిన సహాయకుణ్ణి నేను చూడలేదు. నేనే పిలవలేదు కూడా.

దించి, ఆ బోల్టు తీసి, మళ్ళీ ఎత్తాను. ఈసారి టాపు ఒక్కటే వెళ్ళింది.

ఈ పాట్లు నా ఒక్కడివే కావు. కప్పు విప్పడానికి పక్కవాణ్ణి పిలవాల్సి వస్తుందన్న భయం వాహన పరిశ్రమను ఎక్కడిదాకా తీసుకుపోయిందో చూడండి. ఫ్రాన్సులో జార్జ్ పోలాఁ అనే పళ్ళ డాక్టరు, గట్టి పైకప్పు దానంతటదే జరిగి డిక్కీలో దాక్కునే ఉపాయం కనిపెట్టాడు. 1934లో ప్యూజో కంపెనీ దాన్ని ఎక్లిప్స్ పేరుతో బండ్ల మీదికి తెచ్చింది. పళ్ళ డాక్టరుకే ఇది తట్టడంలో వింతేమీ లేదు. గట్టిగా నాటుకున్నదాన్ని పెకలించేటప్పుడు ఎదుటివాడు సాయం చెయ్యకపోగా ఎలా అడ్డుపడతాడో ఆయన రోజూ చూసినవాడు. ఆ తర్వాత ఫోర్డ్ కంపెనీ 1957లో స్కైలైనర్ దించింది. మీట నొక్కితే డిక్కీ మూత వెనక్కి తెరుచుకుంటుంది, కప్పు లేస్తుంది, ముందు అంచు మడుచుకుంటుంది, మొత్తం లోపలికి పోయి పడుకుంటుంది. దీనికోసం 10 రిలేలు, 8 సర్క్యూట్ బ్రేకర్లు, 600 అడుగులకు పైగా కరెంటు తీగ. కప్పు దాక్కున్నాక డిక్కీలో సామానుకు మిగిలేది ఓ తొట్టెంత చోటు. 1959తో ఆ ముచ్చట ముగిసింది. పక్కింటాయన్ని పిలవకుండా ఉండటానికి 600 అడుగుల తీగ! పక్కిల్లు 600 అడుగుల దూరంలో ఉండదు కూడా. అయినా ఆ ఇంజనీర్లకు నా నమస్కారం, వాళ్ళు నావాళ్ళు.

కప్పు పోయాక మూడు రోజులు జీపులో రాజాలా తిరిగాను. హార్డ్‌టాప్ విప్పినవాడు జోస్యుడు కూడా అయ్యుండాలి. గుడ్డ టాపైతే చినుకు పడగానే లాక్కోవచ్చు, ఇది షెడ్డులో గబ్బిలంలా వేలాడుతూ ఉంటుంది, మనం వానలో ఉంటాం. నాలుగో రోజు మబ్బు చూసి వెనక్కి తిప్పాను.

ఎక్కించడం అంటే విప్పడాన్ని వెనక నుంచి చెయ్యడమే అనుకుంటారు, ఎన్నడూ చెయ్యనివాళ్ళు. వేలాడే కప్పు కిందికి బండిని అంగుళం తేడా రాకుండా తేవాలి. "ఇంకొంచెం వెనక్కి, చాలు చాలు, ఎడమకి" అనే మనిషి లేడు, నేనే రద్దు చేశాను. ఎక్కి వెనక్కి నడిపి, దిగి చూసి, మళ్ళీ ఎక్కి, ఇలా పదకొండు సార్లు. ఆ తర్వాత పిడి వదులు చేశాను. జానెడు దిగేసరికి ఒక పట్టీ జారింది. వెనకద్దం వైపు టాపు ఒరిగింది. పరిగెత్తి ఆ మూలకు భుజం ఇచ్చాను. ఒరగడం ఆగింది.

భుజం మీద టాపు. పిడి గోడ దగ్గర, నాలుగు అడుగుల అవతల. కాలు చాపి చూశాను, చెప్పు మాత్రం అందింది. ఫోను డ్రైవరు సీటు మీద, చక్కగా కనిపిస్తూ ఉంది.

గోడ అవతల నుంచి పక్కింటాయన గొంతు. "ఏవండీ, ఏదో చప్పుడైనట్టుంది. ఏమైనా సాయం కావాలా?"

"అబ్బే, ఏం లేదండీ," అన్నాను. "ఊరికే నిలబడ్డాను."

"సరేనండీ," అన్నాడాయన. ఆయన చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది.