నెలకు 20 పౌండ్ల కాఫీ ఎందుకు ఆగిపోయింది

నెలకు 20 పౌండ్లు కట్టండి, రోజుకు 5 కాఫీలు తాగండి. 2020 సెప్టెంబరులో, కరోనా దెబ్బకు ఆఫీసులు మూతపడి లండన్ వీధులు వెలవెలబోతున్నప్పుడు బ్రిటన్ కాఫీ, శాండ్‌విచ్ షాపుల సంస్థ ప్రెట్ ఎ మాంజే పెట్టిన పథకం ఇది. కప్పుకీ కప్పుకీ మధ్య అరగంట ఆగాలి, అంతే. కోటా మొత్తం వాడేస్తే నెలకు 150 కప్పులు, అంటే కప్పు 13 పెన్స్‌కే.

మరి ఎలా గిట్టింది? కాఫీ షాపుకు అసలు బరువు గింజలు కాదు, అద్దె, జీతాలు. ఎవరు వచ్చినా రాకపోయినా అవి కట్టాల్సిందే. ఖాళీ షాపులో ఇంకో కప్పు కలిపివ్వడానికి పెద్దగా ఏమీ కాదు, పైగా కాఫీకి వచ్చిన మనిషి ఒక శాండ్‌విచ్ కూడా కొంటాడు. ఇక చందా కట్టి రానివాళ్ల డబ్బు పూర్తిగా మిగులే, మన మెస్సుల్లో నెల కార్డు తీసుకుని ప్రతి శనివారం ఊరెళ్లిపోయే కుర్రాళ్ల భోజనంలా.

ఆఫీసులు నిండాక లెక్క తిరగబడింది. పొద్దున్నే క్యూ కట్టే వేళ ఒక్కో కప్పుకూ మనిషి కావాలి, చోటు కావాలి. చందా 25 అయింది, 2023లో 30 అయింది, 2024 సెప్టెంబరులో పథకమే పోయింది. బదులుగా నెలకు చిన్న చందా కడితే కాఫీ సగం ధరకు ఇచ్చే పథకం వచ్చింది.

ఈ రెండోదే నిజాయతీగా ఉందని మా అభిప్రాయం. ఎంతో కొంత ఇచ్చి తాగే కప్పు మనకు కావాలో వద్దో మనకు తెలుస్తుంది. ముందే కట్టేసినవాళ్లు డబ్బు వసూలు కావాలని అక్కర్లేని కప్పు కూడా తాగుతారు. ఎప్పుడో ఒకసారి వచ్చి పూర్తి ధర ఇచ్చేవాళ్లకు ఇందులో ఒరిగింది ఏమిటి? వాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. అయితే నాలుగేళ్లు అలవాటు చేసి, జీతంలో దానికో లెక్క కట్టుకున్నాక తీసేయడం బాధాకరమే.

చందా రద్దు చేసుకోవడం తేలిగ్గా ఉండాలని బ్రిటన్ 2024లో చట్టం చేసింది. మన కేంద్రం కూడా 2023 నవంబరు మార్గదర్శకాల్లో ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ను, అంటే చందా రద్దు చేసుకోవడం కష్టం చేయడాన్ని, తప్పుడు పద్ధతుల్లో చేర్చింది. అది చాలదు. ప్రతి నెలా డబ్బు కట్ అయ్యే ముందు రోజు, పోయిన నెల ఎన్ని కప్పులు తాగారు, కప్పుకు ఎంత పడింది అని ఫోనుకు ఒక మెసేజ్ రావాలి. కాఫీ తీసుకుంటూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసిన ప్రతిసారీ ఆ లెక్క కంపెనీ దగ్గర ఎక్కుతూనే ఉంది.