చేప నోట్లోంచి దూరి తోకలోంచి బయటికి

మా పట్టణ పార్కులో చిన్న అక్వేరియం కట్టబోతున్నారు. ఆ డిజైన్ బొమ్మ చూసే భాగ్యం నాకు కలిగింది. చేపల సంగతి కాస్త పక్కనపెడితే, వంక పెట్టడానికి ఏమీ లేదు.

ముఖద్వారమే ఒక సిమెంటు చేప. పెదాలకు ఎర్ర రంగు, కళ్లకు ఒత్తయిన రెప్పలు, నోటినిండా మనుషులకున్నట్టే పలువరస. జనం నోట్లోంచి దూరి తోకలోంచి బయటపడతారు. మధ్యలో వాళ్లకు ఏమవుతుందో జీవశాస్త్రం చదివినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పక్కనే సెల్ఫీ పాయింట్. 1853లో లండన్ రీజెంట్స్ పార్క్ జూలో మొట్టమొదటి పబ్లిక్ అక్వేరియం తెరిచినప్పుడు ఈ సదుపాయం లేదు. పాపం, జనం చేపలనే చూసి ఇళ్లకు పోయారు.

పెద్ద తొట్టి పై అంతస్తులో వస్తుంది. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. అంటే అద్దం, ఇసుక కలపకుండా నీళ్లే మూడు టన్నులు. స్లాబు ఆగుతుందా అని అడిగితే, "ఆగకపోతే నీళ్లు సగమే పోస్తాం" అన్నారు. సమయస్ఫూర్తి అంటే అదీ! పడమటి గోడ మొత్తం అద్దమే. సాయంత్రపు ఎండ తిన్నగా తొట్టిమీద పడి నీళ్లు పచ్చగా నాచెక్కుతాయి. పచ్చదనం పెంచాలని ప్రభుత్వమే చెబుతోంది కదా.

అసలు టెన్షన్ బ్యాక్టీరియాతోనే. చేపల వ్యర్థంలోంచి అమ్మోనియా పుడుతుంది, అది చేపలకే విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో స్థిరపడాలి. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ప్రారంభోత్సవం తేదీ ఖరారైందని వాటికి ఎవరు చెప్పాలి? బ్యాక్టీరియాకు ప్రోటోకాల్ తెలియదు. అందుకని ఆ రోజు పొద్దున్నే షాపు నుంచి చేపల్ని ప్లాస్టిక్ సంచుల్లో తెచ్చి, క్లోరిన్ వాసన పోని కుళాయి నీళ్లలో వదిలి, రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి, సాయంత్రానికి వాటిని తిరిగి షాపుకు పంపుతారు. తిరిగి వెళ్లేవి ఎన్ని ఉంటాయన్నది అంచనాల్లో చూపలేదు.

కొత్తగా వచ్చిన చేపల్ని కొన్నాళ్లు విడిగా ఉంచే గది కూడా బొమ్మలో లేదు. జనం చూడని గదికి శిలాఫలకం ఎలా పెడతారండీ? జనరేటర్ మాత్రం ఉంది. అది ఫౌంటెన్ లైట్లకు. కరెంటు పోతే చేపలకు గాలి పంపే పంపులు ఆగిపోతాయి, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి.

ఈ ఏర్పాట్లన్నీ తట్టుకునే చేప ఒకటుంది: కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర చేప. నీళ్లలో ఆక్సిజన్ చాలకపోతే పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, ఎండిపోతున్న చెరువు బురదలోనూ బతుకుతుంది. పెట్టమని సూచించాను. "కొర్రమీను పెడితే జనం కిలో ఎంత అని అడుగుతారు సార్" అన్నారు. టికెట్ కౌంటర్‌లో కూర్చోబోయే కుర్రాడు ఇంకో అడుగు ముందుకేసి, "కోసి ఇస్తారా అని కూడా అడుగుతారు" అన్నాడు.

వెంటనే టెండర్‌లో మరో అంశం చేరింది. "ఇచ్చట చేపలు కోసి ఇవ్వబడవు" అనే బోర్డు, రెండు వైపులా లైటింగ్‌తో.