బల్గేరియా టైర్లాయన, మా పిన్ని గోంగూర

ప్రతి నెలా ఐదో తారీఖున మా బాబాయ్‌కి ఒక పీడీఎఫ్ వస్తుంది. దాని పేరు బ్యాక్‌లింక్ రిపోర్టు. తెనాలిలో కూర్చుని పచ్చళ్ళు పట్టి ఆన్‌లైన్‌లో అమ్ముకునే మనిషికి, ప్రపంచంలో ఏయే సైట్లు ఆయన సైటుకి లింకు ఇచ్చాయో 38 పేజీల్లో రంగురంగుల గ్రాఫులేసి పంపుతారు. ఎనిమిది వేలు, ప్లస్ జీఎస్టీ.

సంక్రాంతికి వెళ్తే అది నా చేతిలో పెట్టి "ఒరేయ్, మన డీఏ 9 నుంచి 14 అయిందిరా" అన్నాడు. రిటైర్డ్ మాస్టారు కదా, కరువు భత్యం పెరిగిందనుకుని కంగ్రాట్స్ కూడా చెప్పేశా. కాదట, డొమైన్ అథారిటీ అట. మోజ్ అనే కంపెనీ సొంతంగా లెక్కేసుకునే మార్కు అది, 100కి. సెర్చ్‌లో ఏ సైటు పైనుండాలో తేల్చే ర్యాంకింగ్‌కి మేం దాన్ని వాడట్లేదని గూగుల్ వాళ్ళే ఎన్నోసార్లు మొత్తుకున్నారు. అంటే బోర్డు పరీక్ష ఒకచోట జరుగుతుంటే పక్కవీధి ట్యూషన్ మాస్టారు వేసిన మార్కులు చూసి స్వీట్లు పంచడం. అసలు డీఏ అయినా నయం, లేటైనా ఎరియర్స్‌తో వస్తుంది.

సరే అని ఆ గ్రంథం తిరగేశా. కుక్కపిల్లల పేర్ల సైటు, పేకాట సైటు, ఎప్పుడో చచ్చిపోయిన డైరెక్టరీలు, తొమ్మిదో పేజీలో బల్గేరియాలో ఒక టైర్ల షాపు. ఆగలేక ఆ రిపోర్టు పంపే ఎస్ఈవో కుర్రాడికి, అంటే గూగుల్‌లో సైటుని పైకి తెస్తామనే వాళ్ళ మనిషికి, ఫోన్ చేశా.

"బాబూ, బల్గేరియా టైర్ల షాపాయన మా గోంగూర గురించి ఎందుకు రాశాడు?"

"సార్, అది హై అథారిటీ డొమైన్ సార్."

"అది సరే, ఆయన గోంగూర తిన్నాడా?"

"డూఫాలో లింక్ సార్."

"తిన్నాడా లేదా?"

"ఇండెక్స్ కూడా అయింది సార్."

ఈలోపు బాబాయ్ పక్కనుంచి "పాపం ముక్కూ మొహం తెలీని మనిషి మన గురించి రాశాడు, ఓ అరకేజీ పంపిద్దాం, బల్గేరియాకి కొరియర్ ఎంత పడుతుందో కనుక్కో" అంటాడు, వంటింట్లోంచి పిన్నేమో "వాళ్ళు కారం తింటారో లేదో కనుక్కోండి ముందు" అని కేక. నేను నవ్వాపుకుంటూ చెప్పేలోపే పిన్ని కారం తగ్గించి ఒక ప్యాకెట్ కట్టేసింది కూడా.

అసలు లింకుల ఐడియా చెడ్డదేం కాదు. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో, గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ లింకుల్ని బట్టి పేజీ విలువ కట్టే పేజ్‌ర్యాంక్ గురించి రాసినప్పుడు చెప్పింది సింపులే, ఒక పరిశోధన పత్రాన్ని ఎంతమంది ఉదహరిస్తే దానికి అంత విలువ ఉన్నట్టు, పేజీకి కూడా అంతే. నలుగురూ మంచోడంటే మంచోడే అని. మనోళ్ళు ఏం చేశారు, ఆ నలుగుర్నీ బిర్యానీ ప్యాకెట్‌కి తోలుకొచ్చారు, ఎలక్షన్ మీటింగుకి లారీల్లో తోలినట్టు. 2011లో అమెరికాలో జేసీ పెన్నీ అంతటి పెద్ద షాపుల కంపెనీ ఇలాంటి లింకులతోనే న్యూయార్క్ టైమ్స్‌లో పడి పరువు పోగొట్టుకుంది. 2012 ఏప్రిల్లో గూగుల్ పెంగ్విన్ అని అప్‌డేట్ వదిలితే ఈ కిరాయి లింకుల సైట్లు ఎన్నో కిందపడ్డాయి. ఆ అక్టోబర్లోనే ఈ లింకులు మావి కావు అని చెప్పుకోడానికి డిసవౌ టూల్ కూడా ఇచ్చింది, దాంతో పెట్టడానికి ఒక ఫీజు, వదిలించడానికి ఇంకో ఫీజు.

ఇక్కడిదాకా నవ్వుకున్నా. 23వ పేజీలో ఆగిపోయా. ఎవరో ఒకమ్మాయి వాళ్ళమ్మ చనిపోయిన ఏడాదికి రాసుకున్న పోస్టు అది. ఆస్పత్రిలో కూడా అమ్మ గోంగూర అడిగిందని, డాక్టర్ వద్దన్నాడని తను పెట్టలేదని. దాని కింద కామెంటు: "వెరీ నైస్ అండ్ యూజ్‌ఫుల్ ఇన్ఫర్మేషన్, బై బెస్ట్ గోంగూర పికిల్ ఆన్‌లైన్". మా బాబాయ్ సైటు లింకు. రిపోర్టులో దాని పక్కన పచ్చ టిక్కు, క్వాలిటీ: గుడ్.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకుని రోజుకి ఇన్నని టార్గెట్‌కి పనిచేస్తున్నాడు, ఆ పోస్టు చదివి కూడా ఉండడు. ఆ టార్గెట్ పెట్టినోడికి సిగ్గుండాలి. కామెంట్లలో లింకుల్ని లెక్కలోంచి తీసెయ్యడానికి నోఫాలో అనేది 2005లోనే వచ్చింది, పనికిరాదని వాడికి తెలుసు, తెలిసే ఒక బిడ్డ ఏడుపు మీద పోస్టరంటించి దానికి పెన్షన్ మనిషి దగ్గర డబ్బులు గుంజుతున్నాడు, దొంగనాయాలు.

బాబాయ్‌కి అది చదివి వినిపించా. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ రాత్రే సెర్చ్ కన్సోల్ తెరిచి చూపించా, జనం ఏం వెతికి మన సైటుకొచ్చారో చెప్పేది, గూగుల్‌ది, ఫ్రీ. క్లిక్కుల్లో ఎక్కువ భాగం "పచ్చడికి బూజు పడితే" అని వెతికినోళ్ళవి, పిన్ని చెప్తుంటే నేను టైపు చేసిన పేజీకి. దానికి డాలస్‌లో ఎవరో తెలుగావిడ తన వంటల పేజీలోంచి లింకిచ్చింది, ఎవరూ అడక్కుండా. 38 పేజీల రిపోర్టులో ఆ ఒక్కటీ లేదు, వాళ్ళు పెట్టింది కాదుగా.

కామెంటు తీసెయ్యమని, క్షమించమని ఆ అమ్మాయికి బాబాయ్ తనే మెయిల్ రాశాడు. కారం తగ్గించిన ప్యాకెట్ నేను తెచ్చుకున్నా. దాని మీద పిన్ని స్కెచ్‌పెన్‌తో "టైర్లాయన" అని రాసింది.